గుండీలాయన గోల్ఫ్

ఊళ్ళో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచేది బ్యాంకువాళ్ళూ, ఆసుపత్రివాళ్ళూ మాత్రమే. మిగతా అందరికీ ఆయన గుండీలాయన. భార్యని కూడా జనం ఊరికే వదల్లేదు, గుండీలమ్మని చేసి కూచోబెట్టారు. కొత్తలో ఆ పిలుపు వింటే ఆవిడకి ఒళ్ళు మండేది.

"మీరు వజ్రాల వ్యాపారం చేసుంటే వజ్రాలమ్మా అనేవాళ్ళు కదండీ. ఏం చేస్తాం, నా రాత," అని విసుక్కునేది.

"వజ్రం లేకపోయినా మనిషి వీధిలోకి వెళ్ళగలడోయ్. గుండీ లేకుండా వెళ్ళమను చూద్దాం," అనేవాడు ఆయన.

వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆయనకి ఇరవై ఆరు, ఆవిడకి ఇరవై రెండు. రైలు స్టేషన్ వెనక సందులో ఒకే ఒక్క గది. మూడు గోడలకీ చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏముందో తెలియడానికి ఒక్కోదాని ముందు ఒక్కో గుండీ అంటించి ఉండేది. చొక్కా గుండీలు, కోటు గుండీలు, పసిపిల్లల గౌన్లకి వేసే బుల్లి గుండీలు. ఆవిడ ఒక మూల స్టూలు మీద కూచుని నమూనా అట్టలు కుట్టేది. టైలర్లకి చూపించడానికి ఒక్కో రకం గుండీని వరసగా అట్ట మీద దారంతో బిగించడం ఆ పని. ఆవిడ కుట్టిన వరస కొలబద్ద పెట్టి గీసినట్టుండేది. ఆ అట్టలు చంకలో పెట్టుకుని ఆయన ఊరంతా తిరిగేవాడు. ఇద్దరమ్మాయిలు పుట్టింది కూడా ఆ సందులో ఉన్న రోజుల్లోనే.

పన్నెండేళ్ళు తిరిగేసరికి ఊరి చివర సొంత ఫ్యాక్టరీ వచ్చింది. పెద్ద డ్రమ్ముల్లో జిగురులాంటి ముద్దకి రంగు కలిపి తిప్పితే పలక అవుతుంది. పలకలోంచి బిళ్ళలు కోసి, వాటికి రంధ్రాలు పొడిచి, ఇసుకరాళ్ళూ నీళ్ళూ వేసిన పీపాల్లో రోజంతా దొర్లిస్తే నునుపు తేలతాయి. పీపాలు తిరుగుతుంటే రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు కిటికీలోంచి ఆకాశంవైపు చూసేవాళ్ళు.

ఆయన గొప్పతనమంతా రంగులో ఉండేది. బట్టల ఫ్యాక్టరీవాళ్ళు చిన్న గుడ్డముక్క తెచ్చి, "దీనికి సరిపోయే గుండీ కావాలి," అనేవాళ్ళు. ఆయన దాన్ని ఉత్తరం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో తెలుపు ఒక్కటే లేదు. చిటికెడు నీలం ఉంది, దానికి భయపడి దాక్కున్న గులాబీ ఉంది," అనేవాడు. కలిపి తీసుకొస్తే గుడ్డ మీద గుండీ కనపడేది కాదు. అంతలా కలిసిపోయేది.

ఇంట్లో ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. రాత్రి భోజనానికి నలుగురూ కలిసి కూచోవాలి. కూచున్నాక అందరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇవాళ ఏం చెడిపోయింది? మంచి సంగతులు ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటారు, చెడిపోయినవే కడుపులో పెట్టుకుంటారు అనేది ఆయన వాదన. మొదట ఆయనే చెప్పేవాడు. ఇవాళ ఒక డ్రమ్ము మొత్తం గడ్డకట్టిందనో, ఫలానా ఆయన మీద అనవసరంగా అరిచాననో. పెద్దమ్మాయి లెక్కల్లో తప్పిన సంగతీ, చిన్నమ్మాయి స్నేహితురాలితో కటీఫ్ అయిన సంగతీ అలాగే బయటపడేవి. ఎవరు ఏం చెప్పినా ఆ రోజుకి తిట్లుండవు. అది కూడా నియమంలో భాగమే.

గోల్ఫ్ ఆయన జీవితంలోకి నలభై రెండో ఏట వచ్చింది. తెచ్చినవాడు షర్టులాయన. ఊళ్ళో పెద్ద చొక్కాల ఫ్యాక్టరీ అతనిది, గుండీలన్నీ ఈయన దగ్గరే కొనేవాడు. ఒకరోజు, "ఆఫీసులో కూచుని మాట్లాడితే మనిద్దరికీ నడుములు పట్టేస్తున్నాయి. నడుస్తూ మాట్లాడుకుందాం రావయ్యా," అని ఆ పచ్చిక మైదానానికి తీసుకెళ్ళాడు. దూరంగా జెండా ఉంటుంది, జెండా కింద గుంట ఉంటుంది, కర్రతో బంతిని కొట్టుకుంటూ వెళ్ళి ఆ గుంటలో వెయ్యాలి, తక్కువ దెబ్బల్లో వేసినవాడు గొప్ప. ఇంతే ఆట అని చెప్పాడు. గుండీలాయన తొలి దెబ్బ గాల్లో పడింది. రెండోది నేల మీద పడింది. మూడో దెబ్బకి బంతి కదిలింది గానీ వెనక్కి వెళ్ళింది. వెనక్కి వెళ్ళేలా కొట్టడం తన ముప్ఫై ఏళ్ళ ఆటలో చూడలేదని షర్టులాయన చచ్చేదాకా చెప్పుకు తిరుగుతానన్నాడు.

ఆయన ఇంటికొచ్చి అరచేతులు చూపించాడు. నాలుగు బొబ్బలు.

"ఇంక వెళ్ళరుగా?" అంది ఆవిడ.

"రేపు అయిదున్నరకి లేపు," అన్నాడు ఆయన.

అంతే. ఆ రోజు పట్టుకున్న పిచ్చి మరి వదల్లేదు. తెల్లవారకముందే వెళ్ళి ఎనిమిది లోపల ఇంటికొచ్చేవాడు. పిల్లలు స్కూలుకి వెళ్ళేటప్పుడు తాను గుమ్మంలో ఉండాలి. అది ఆయన పట్టుదల, దానికోసం ఆట సగంలో వదిలిన రోజులెన్నో. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ బ్యాగుకి సవతి అని పేరు పెట్టింది. "మీ రెండో ఆవిడ హాల్లో అడ్డంగా పడుకుంది, కాస్త లేపి మూల పెట్టండి," అనేది. ఇరవై ఏళ్ళు మొగుడు ఆ మైదానానికి వెళ్తూనే ఉన్నా ఆవిడ ఒక్కసారి కూడా అటువైపు తొంగిచూడలేదు. రమ్మని ఆయన బతిమాలాడు, అలిగాడు, ఒకసారి ఆవిడ కాళ్ళ సైజు కొలుచుకుని బూట్లు కూడా కొనుక్కొచ్చాడు. ఆ బూట్లు ఆవిడ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు వాడుకుంది.

ఆట మాత్రం ఆయనకి అబ్బింది. చేతిలో రంగులు కలిపే నిదానం ఉంది కదా, అదే అక్కడా పనికొచ్చింది. యాభై నాలుగో ఏట క్లబ్బువాళ్ళ పెద్ద కప్పు కోసం చివరి పోటీదాకా వెళ్ళాడు. ఎదురుగా ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. పద్ధెనిమిది గుంటల్లో పద్నాలుగు అయ్యేసరికి ఈయన డాక్టరు కన్నా రెండు గుంటలు ఎక్కువ గెలిచి ముందున్నాడు. అప్పుడు క్లబ్బు ఆఫీసు గుమాస్తా బ్యాటరీ బండేసుకుని గడ్డికి అడ్డంపడి వచ్చాడు. ఇంటినుంచి ఫోను.

ఆ రోజు పొద్దున్న చిన్నమ్మాయికి పరీక్ష ఫలితాలొచ్చాయి. ఇళ్ళ నమూనాలు గీయడం నేర్పే కాలేజీలో సీటు కోసం రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేలా చదివిన పిల్ల. జాబితాలో నంబరు లేదు. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. రెండు గంటలైంది. తల్లి పిలిచింది, అక్క పిలిచింది, ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి ఆవిడ, జన్మలో చెయ్యననుకున్న క్లబ్బు నంబరుకి ఫోను చేసింది.

ఆయన పళ్ళ డాక్టరు చెయ్యి కలిపి, "కప్పు మీదే," అని చెప్పి కారెక్కాడు. బూట్లు కూడా మార్చుకోలేదు. ఆ ముళ్ళ బూట్లతోనే మెట్లెక్కి, చిన్నమ్మాయి గది ముందు నేల మీద గోడకి జారబడి కూచున్నాడు. బూట్ల అడుగు ముళ్ళు గీసిన గీతలు గచ్చు మీద చాలాకాలం ఉన్నాయి. ఆవిడ మెట్ల మీద నిలబడి వింటోంది.

"చిన్నీ," అన్నాడు. "తలుపు తియ్యక్కర్లేదు. నేనే చెడిపోయినవి చెప్తాను, విను."

ఆయన కాళ్ళు చాపుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"కొత్తలో ఒకసారి ఒకే చెరువులో తొమ్మిది బంతులు వేశాను. తొమ్మిది. షర్టులంకుల్ లెక్కపెట్టాడు. పదోది వేస్తే చేపలు ఫిర్యాదు చేస్తాయి, ఇంక ఆపవయ్యా అన్నాడు."

చప్పుడు లేదు.

"పన్నెండేళ్ళ కింద కోట్లు కుట్టే ఒక కంపెనీకి గుండీలు పంపాను. రంధ్రాలు మూడున్నాయి. నాలుగుండాలి. మూడు రంధ్రాల గుండీ ఎలా కుట్టాలో తెలీక వాళ్ళ టైలరు ఏడ్చాడట."

లోపలినుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"ఇవాళ మ్యాచ్ కదా, గెలిచారా?" అంది గొంతు.

"సగంలో వచ్చేశాను."

"ఎందుకు?"

"ఆకలేసింది."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తండ్రీ కూతురూ వంటింట్లో నిలబడి పొద్దుటి రొట్టె మిగిలితే తిన్నారు. మరుసటి ఏడు అదే కాలేజీలో సీటొచ్చింది, అది వేరే సంగతి.

ఆయన మళ్ళీ ఎప్పుడూ చివరి పోటీదాకా వెళ్ళలేకపోయాడు. దానికి బాధపడలేదని చెప్తే అబద్ధమే. వానొచ్చి ఆట ఆగిపోయిన ప్రతిరోజూ కిటికీ దగ్గర నిలబడి, "ఆ రోజు గెలిచేవాణ్ణే," అనేవాడు.

"మళ్ళీ అదే ఫోనొస్తే?" అనేది ఆవిడ.

"మళ్ళీ వచ్చేస్తాను. వస్తాననుకో. కానీ గెలిచేవాణ్ణే."

అరవై ఒకటో ఏట ఆయన చూపు చెడిపోవడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మాయి అప్పటికి ఫ్యాక్టరీలో ఆయన పక్కన కూచుని పని చూసుకుంటోంది. షర్టులాయన దగ్గరనుంచి స్కూలు చొక్కాలకి మీగడ రంగు గుండీలు కావాలని పెద్ద ఆర్డరొచ్చింది. సరుకు వెళ్ళిన నాలుగోరోజుకి బస్తాలన్నీ తిరిగొచ్చాయి. మీగడ రంగుకి బదులు సున్నం తెలుపు.

ఆయన నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. సందులో గది రోజులనుంచీ వెంట ఉన్న మనిషి ఆ మేస్త్రీ. అందరూ చూస్తుండగా, "ముప్ఫై ఏళ్ళు నా పక్కన నిలబడ్డావు. తెలుపుకీ మీగడకీ తేడా నేర్చుకోలేదటయ్యా?" అని కేకలేశాడు.

మేస్త్రీ తలొంచుకుని, "పొరపాటైంది సార్," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం చెడిపోయిందంటే, "మేస్త్రీ చేతిలో ఒక రంగు చెడిపోయింది," అన్నాడు ఆయన. పెద్దమ్మాయి తలెత్తి తండ్రివైపు చూసింది. మర్నాడు తల్లిని పక్కకి పిలిచి ఒక చీటీ చూపించింది. ఆ రంగు సరిగ్గా ఉందని ఒప్పుకున్న చీటీ. కింద సంతకం నాన్నది.

"నాన్న అబద్ధం చెప్పారమ్మా," అంది.

ఆవిడకి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కప్పు పక్కన పోసిన టీ. గేటుకి గీసుకున్న కారు. పేపరు చదవడం మానేసి, టీవీ వార్తలు వింటానన్నది. ఏం అడిగినా ఈయన మాట దాటేస్తాడని ఆవిడకి తెలుసు. అందుకని ఆ మధ్యాహ్నం కూచుని ఒక నమూనా అట్ట కుట్టింది. నల్ల గుండీలు పది, వాటి మధ్యలో ముదురు నీలం గుండీలు అయిదు. సాయంత్రం ఆయన ముందు పెట్టి, "ఎలా ఉన్నాయండీ?" అంది.

ఆయన అట్ట దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. "బావున్నాయి. నలుపు బాగా తేలింది," అన్నాడు.

ఆవిడ అట్ట ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. ఆ తీసుకోవడంలోనే ఆయనకి సంగతి అర్థమైంది.

"ఎన్ని నీలం పెట్టావు?" అన్నాడు.

"అయిదు."

"ఊఁ."

"ఎన్నాళ్ళనుంచి?"

"పది నెలలు. మధ్యలో చూపు పోతోంది. పక్కలు కనపడతాయి. నీవైపు సూటిగా చూస్తే నీ మొహం ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. గోడవైపు చూస్తే నువ్వు కనిపిస్తావు."

ఆవిడకి ఏడుపొచ్చేదే. అంతలో ఇంకోటి తట్టింది. "పది నెలలా? కారు నడుపుతున్నారు కదండీ!"

"తెలిసిన దారే కదా."

"దారి తెలుసు సరే, దారిలో నడిచే మనుషులు కూడా తెలిసినవాళ్ళేనా?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచి, తాళాలు లాక్కుని బియ్యం డబ్బాలో వేసింది. మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన చేసినవాటిలో ఆవిడ చివరిదాకా క్షమించనిది అదొక్కటే.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి బస్సులో వెళ్ళి యంత్రాలన్నీ ఆపించాడు. పీపాలు ఆగితే ఆ రేకుల షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉంటుందని అక్కడివాళ్ళకి అప్పుడే తెలిసింది. "మీగడ రంగు తప్పింది నా వల్ల. నాకు కళ్ళు సరిగా కనపడటం లేదు. అది దాచుకోవడానికి పెద్దమనిషి మీద నింద వేశాను. మీ అందరి ముందు అన్నాను, మీ అందరి ముందే క్షమించమని అడుగుతున్నాను," అన్నాడు.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నాకు తెలుసు సార్. చీటీ మీద మీ సంతకం గీత దాటి కిందకి పోయింది. అప్పుడే అనుకున్నాను."

"మరి తెలిసి ఎందుకు ఊరుకున్నావు? రంగు తప్పని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ కళ్ళ సంగతి చెప్పాలి కదా సార్. నోరు రాలేదు."

తర్వాత మేస్త్రీయే వెళ్ళి మీట నొక్కాడు. ఆ వారంనుంచి రంగు చూసే బాధ్యత పెద్దమ్మాయి తీసుకుంది.

కళ్ళ డాక్టరు చుట్టూ తిప్పి మాట్లాడలేదు. పోయింది రాదు, మిగిలిన పక్క చూపు ఉంటుంది, మందులతో జబ్బు వేగం తగ్గించగలం, అంతే అన్నాడు. ఆ సాయంత్రమే ఆయన గోల్ఫ్ బ్యాగుని అటక మీద పెట్టించాడు. బంతి వైపు చూస్తే బంతి ఉండదు, ఇంక ఆటేమిటి?

తర్వాత రెండు నెలలు ఇల్లు ఇల్లులా లేదు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూచునేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఏం చెడిపోయిందంటే, "ఏమీ లేదు," అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ జవాబు ఎవరూ ఇవ్వలేదు. చిన్నమ్మాయి తన ఊరినుంచి ఫోను చేస్తే అవునూ కాదూ అని పెట్టేసేవాడు. తెల్లవారుజామున అయిదున్నరకి మాత్రం మెలకువొచ్చేది. పక్కన ఆయన కళ్ళు తెరుచుకుని పైకప్పువైపు చూస్తూ పడుకోవడం ఆవిడకి తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు ఆవిడ స్టూలు వేసుకుని అటకెక్కి, దుమ్ము కొట్టుకుపోయిన బ్యాగుని కిందకి లాగింది. అది దబ్బుమని పడితే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఏమిటది?"

"మీ రెండో ఆవిడ. లేవండి, వెళ్దాం."

"నాకు కనపడదు కదా."

"నాకు కనపడుతుందిగా."

"నీకు ఆట తెలీదు."

"కర్రతో బంతిని కొట్టి గుంటలో వెయ్యడమేగా. దానికేం చదువులు చదవాలి? ముందు బూట్లు తొడుక్కోండి."

ఆవిడ పెరటి బూట్లు వేసుకుంది, ఇరవై ఏళ్ళలో మొదటిసారి క్లబ్బు గేటు దాటింది. కారు ఆవిడే నడిపింది.

మొదటిరోజు ఇద్దరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన భుజాలు పట్టుకుని జెండావైపు తిప్పమంటే ఆవిడ చెరువువైపు తిప్పింది. కర్ర మొహం బంతి వెనక పెట్టమంటే బంతి మీదే పెట్టింది. "ఎంత దూరం?" అని అడిగాడాయన.

"చాలా దూరం."

"గజాల్లో చెప్పు."

"గజాలంటే నాకేం తెలుసండీ! మన గేటు దగ్గర్నుంచి మూల మీద మందుల షాపు ఎంతో అంత."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ దారిలో ముప్ఫై ఏళ్ళు నడిచిన మనిషి. అడుగులు తెలుసు. బ్యాగులో చేత్తో తడిమి ఇంకో కర్ర తీసుకున్నాడు. కొట్టాడు. టక్కుమని శుభ్రమైన చప్పుడు.

"ఏమైంది? ఎటెళ్ళింది?"

"ఉండండి... మందుల షాపు దాటింది. దాటి... చెప్పుల కొట్టు ముందు ఆగింది!"

ఆయన పగలబడి నవ్వాడు. రెండు నెలల తర్వాత ఆవిడ ఆ నవ్వు వినడం. పక్క గుంట దగ్గర ఆడుకుంటున్న షర్టులాయన ఆ నవ్వు విని కర్ర కింద పడేసి వచ్చాడు.

అలా ఆరేళ్ళు ఆడారు. దూరాలన్నీ ఆవిడ భాషలోనే నడిచాయి. పోస్టాఫీసు దాకా, బేకరీ దాకా, సోఫా నుంచి టీవీ దాకా, మంచం పొడుగు. గుంట దగ్గరికొచ్చాక ఆవిడ వెళ్ళి జెండా కర్ర పట్టుకుని ఆడించేది. ఆయన గుంటవైపు కాకుండా పక్కకి చూస్తూ, కంటి అంచున ఆ కదలిక పట్టుకుని కొట్టేవాడు. గడ్డి ఎటు వాలుగా ఉందో ఆవిడ పాదాలతో తొక్కి చెప్పడం నేర్చుకుంది. క్లబ్బులో వాళ్ళకి ఆవిడ మాట మీద ఎంత గురి కుదిరిందంటే, చూపు బాగున్నవాళ్ళు కూడా, "అమ్మా, ఇది బేకరీ దాకానా, పోస్టాఫీసు దాకానా?" అని అడిగేవాళ్ళు.

పాత ఆటలో సగం కూడా ఆయనకి మిగల్లేదు. కప్పులేమీ రాలేదు. షర్టులాయన్ని మాత్రం ఒకసారి ఒకే ఒక గుంట దగ్గర ఓడించాడు. ఆ సంగతి వారంరోజులు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ, పాలు పోసే మనిషితో సహా, చెప్పాడు. రాత్రి భోజనాల దగ్గర చెడిపోయినవి చెప్పడం మళ్ళీ మొదలైంది. చెడిపోయేవి ఇప్పుడు చాలానే ఉండేవి. గ్లాసు పగలగొట్టాననీ, మనవడి మొహం తెలీక వేరే పిల్లవాణ్ణి ముద్దుపెట్టుకున్నాననీ. చెప్తూ తనే ముందు నవ్వేవాడు. అంతా నవ్వులాటేనని కాదు. ఆడీ ఆడీ ఒక్కోరోజు కర్ర విసిరికొట్టి, "నన్ను ఇలా పట్టుకుని నడిపించక్కర్లేదు," అని ఆవిడ మీద కసురుకునేవాడు. ఆవిడ కర్ర తెచ్చి బ్యాగులో పెట్టి, ఇంటిదాకా ఏమీ మాట్లాడేది కాదు. ఇంటికెళ్ళాక ఆయనే టీ పెట్టి, కప్పు అంచు మీద వేలు ఆనించి ఎంత నిండిందో చూసుకుంటూ పోసి, తెచ్చి ఇచ్చేవాడు.

అరవై ఎనిమిదో ఏట ఒక సోమవారం పొద్దున్న ఆయన వరండాలో కూచుని ఒక బూటు వేసుకున్నాడు. రెండోది వేసుకోవడానికి వంగి, "కొంచెం ఆయాసంగా ఉందోయ్," అన్నాడు. ఆవిడ నీళ్ళు తెచ్చేలోపల పోయాడు.

క్లబ్బులో సంతాప సభ పెట్టారు. కోటు వేసుకున్నవాళ్ళు లేచి ఆయన నిజాయితీ గురించీ, వ్యాపార దక్షత గురించీ మాట్లాడారు. మేస్త్రీ లేచి ఆయన యంత్రాలు ఆపించిన రోజు గురించి చెప్పాడు, చెప్పి కూచున్నాడు. షర్టులాయన బంతి వెనక్కి వెళ్ళిన కథ మొదలుపెట్టి, సగంలో ఆపేసి, మైకు పక్కవాళ్ళకిచ్చేశాడు. చిన్నమ్మాయి తాను తలుపు వెనక విన్నవి చెప్పింది. ఆవిడ ముందు వరసలో కూచుని అందరి మాటలూ వింది. ఏడవలేదు. వరండాలో, ఇంట్లో, ఇక్కడా ఎక్కడా కన్నీళ్ళు రాలేదు. అమ్మ ఏడవడం లేదని కూతుళ్ళిద్దరూ చాటుగా డాక్టర్ని కూడా అడిగారు.

ఏడాది తర్వాత ఒక రిటైరైన జడ్జిగారి భార్య ఇంటికొచ్చింది. నెమ్మదైన మనిషి, కుర్చీ అంచు మీద కూచుంది. జడ్జిగారికి కూడా చూపు అలాగే పోతోందట. ఆట మానేశారట, గదిలోంచి బయటికి రావడం లేదట. "మీరు ఒక్కసారి వచ్చి ఆయనతో నడిస్తే..." అంది.

"నేను రాను," అంది ఆవిడ వెంటనే. ఆ అనడంలో ఉన్న కరుకు తనకే తెలిసి, గొంతు తగ్గించింది. "నేను మా ఆయనతో నడిచానండీ. ఇంకొకరితో నడవలేను. మీరే నడవాలి."

"నాకు ఏమీ తెలీదు. ఎప్పుడూ అటు వెళ్ళలేదు."

"ఎలా నడవాలో మీకు చూపిస్తాను. దానికైతే వస్తాను."

మూడు వారాలు వెళ్ళింది. జడ్జిగారు మొదట్లో, "ఈ ఆడవాళ్ళిద్దరి మధ్య నా ఆట ఏమవుతుందో," అని గొణిగారు. ఆయన్ని పట్టించుకోకుండా ఆవిడ ఆయన భార్యకి భుజాలు ఎలా తిప్పాలో, కర్ర ఎక్కడ ఆనించాలో, కోపమొస్తే ఎప్పుడు ఊరుకోవాలో చెప్పింది. "ఆయన కసిరితే జవాబివ్వకండి. ఆ కోపం మీ మీద కాదు." జడ్జిగారి భార్యకి మొదట గొంతే పెగిలేది కాదు. రెండో వారానికి మైదానం ఇటు చివరనుంచి అటు చివరకి వినపడేలా, "ఎడమకండీ, ఎడమకి!" అని అరుస్తోంది.

మూడో వారం ఆఖరిరోజు ఆమె మొహమాటంగా వచ్చింది. "రేపటినుంచి మీకు శ్రమ ఎందుకండీ. మేమే చూసుకుంటామేమో అనిపిస్తోంది."

"చూసుకుంటారు," అంది ఆవిడ. "నిన్ననే అనుకున్నాను."

వాళ్ళిద్దరూ తర్వాతి గుంటవైపు నడుస్తుంటే కాసేపు చూసింది. జడ్జిగారు ఏదో అన్నారు, భార్య ఆయన మోచెయ్యి మీద చిన్నగా కొట్టింది. ఆవిడ తిరిగి కారు దగ్గరికొచ్చి, తలుపు వేసుకుని, తాళం చెవి పెట్టింది గానీ తిప్పలేకపోయింది. ఏడాదిగా రానిది అప్పుడు వచ్చింది. స్టీరింగు మీద తల పెట్టుకుని, ఎవరు వింటున్నారో చూసుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పక్కనుంచి వెళ్తున్న తోటపని మనిషి ఒకడు ఆగి, మళ్ళీ తన నీళ్ళ గొట్టం లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఏడుపు ఆగాక మొహం తుడుచుకుని ఆవిడ ఇంటికి కాకుండా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల ఫ్యాక్టరీకి బయల్దేరుతూ గుమ్మంలో ఎదురైంది. తల్లి కళ్ళు చూసి బ్యాగు కింద పెట్టేసింది.

"అమ్మా... ఏడ్చావా?"

"ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఆకలేస్తోంది, ఏదైనా ఉంటే పెట్టు."

పెద్దమ్మాయి ఫ్యాక్టరీకి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు.